ఇంట కట్టిన విమానము

విమానమనగానే మన మనస్సునకు తోచునది ఊరివెలుపలి గొప్ప కర్మాగారము; అందు వేలకొలది పనివారు; వారి పనిని పర్యవేక్షించు ఇంజనీర్లు. అట్టి విమానమును ఒక గృహస్థుడు తన పెరటికొట్టములో, సెలవు దినములయందు, రంపముతోను చిత్రికతోను తానే చేసికొని, తానే ఎక్కి ఆకసమున కెగురునని చెప్పినచో వినువారు పరిహాసమనుకొందురు. కాని అది పరిహాసము కాదు. అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు మున్నగు దేశములలో నేడు ఇట్టి ఇంటి విమానములు వేలకొలదిగా ఎగురుచున్నవి. వానిని చేసినవారిలో బడిపంతుళ్లు, వైద్యులు, రైతులు, వడ్రంగులు, విశ్రాంతి పొందిన ఉద్యోగులు కలరు. ఒకడు గీచిన పటమును చూచి మరియొకడు ఇంటిలో విమానము కట్టి దానికి తన ప్రాణమునొప్పగించుట ఎట్లు సాధ్యమైనది? ఆ నమ్మకమునకు ఆధారమేమి? ఈ విషయమునే మేమీ ప్రసంగమున విచారింపదలచితిమి.

మొదట ఒక సంగతి జ్ఞాపకము చేసికొందము. లోకమున మొట్టమొదటి విమానమే ఇంటి విమానము. 1903వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన ఎగిరిన యంత్రమును రైట్ సోదరులు డేటన్ పట్టణమున తమ సైకిళ్ల దుకాణములోనే తయారుచేసికొనిరి. దాని ఇంజనును చేసినవాడు ఆ దుకాణములో పనిచేయుచుండిన చార్లీ టేలరు అను మెకానిక్కు. అనగా ఈ విద్య మొదట చిన్న దుకాణమున పుట్టి, పిదప కర్మాగారమునకు పోయినది గాని, కర్మాగారమున పుట్టి ఇంటికి వచ్చినది కాదు.

రైట్ సోదరులు తమ రహస్యమును పేటెంటుతో కాపాడుకొనిరి. బ్రెజిలు దేశీయుడై పారిసు నగరమున నివసించిన సాంతోస్ ద్యుమోఁ అట్లు చేయలేదు. ఆయన 1907లో మొదలుపెట్టి 1909 నాటికి బాగుచేసిన ‘దెమ్వాజెల్’ అను చిన్న విమానమునందు వెదురు బొంగులే దేహము; పట్టుగుడ్డయే రెక్కల కప్పు. దానికి ఆయన పేటెంటు కోరలేదు. పటములను లోకమునకు ఉచితముగా ఇచ్చివేసెను. 1910లో అమెరికాలోని ‘పాప్యులర్ మెకానిక్స్’ పత్రిక వానిని అచ్చువేసినది. పత్రిక కొన్న ప్రతివాడును ఇంటిలో విమానము మొదలుపెట్టవచ్చునను తలంపు లోకమున వ్యాపించుటకు ఇది ఒక ఆరంభము.

ఇచ్చట మనము ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. మన పల్లెలో బండి చేయువాడు తన తండ్రి చేయగా చూచి నేర్చుకొనెను. ఇరుసు ఎంత లావుండవలెనో, ఆకు ఎంత బలముండవలెనో అతనికి నోటితో చెప్పినవారు కలరు. తప్పు చేసినప్పుడు మందలించినవారును కలరు. పత్రికలోని పటమును చూచి విమానము కట్టువానికి ఆ భాగ్యము లేదు. పటము గీచినవాడు ఒక దేశమున నుండును. పని చేయువాడు మరియొక దేశమున నుండును. వారిద్దరికిని ముఖపరిచయము లేదు. వారి నడుమ నున్నది కాగితమొక్కటియే. ఆ కాగితము నిజము చెప్పినదా? చెప్పినదానిని చదివినవాడు సరిగా గ్రహించెనా? బండి విరిగినచో దారిలో దిగి నడచిపోవచ్చును. ఆకసమున దారి లేదు. కావున ఇంటి విమానముల చరిత్ర యంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టును తిరుగుచున్నది.

కాగితము నిజము చెప్పినచోట ఫలితమెట్లుండునో మొదట చూతము. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున చెర్రీ గ్రోవ్ అను చిన్న పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అను మెకానిక్కు ఉండెను. విమానముల ఇంజన్లు మిక్కిలి ఖరీదైనవి. ఫోర్డు మోటారుకారు ఇంజను మాత్రము ఆ దేశమున ప్రతి ఊరిలోను దొరకుచుండెను. దానితో విమానము నడువదని ఒక పత్రికా సంపాదకుడు అభిప్రాయపడగా, పీటెన్‌పోల్ వాదము పెట్టుకొనక, ఫోర్డు ‘మోడల్ ఏ’ ఇంజను బిగించిన తన విమానములోనే ఎగిరి వచ్చి చూపెను. దాని పేరు ‘ఎయిర్ క్యాంపర్’. స్ప్రూస్ కలప, ప్లైవుడ్డు, గుడ్డ - ఇవియే దాని సామగ్రి. ఇద్దరు కూర్చుండవచ్చును. 1932లో దాని పటములు అచ్చుపడినవి. తొంబది సంవత్సరములు దాటినను ఆ పటములను చూచి ఎయిర్ క్యాంపర్లు కట్టువారు నేటికిని కలరు. ఇంతకాలము నిలిచిన నమూనా ఎన్నో చేతులలో పరీక్షింపబడినట్లే గదా!

కాని కాగితమంతయు నిజము చెప్పనిచోట ఏమి జరిగినది? ఆ కథ ఫ్రాన్సు దేశమునది. ఆంరీ మిన్యే 1893లో జన్మించిన ఫ్రెంచివాడు. విద్యుత్తు, రేడియో పనులయందు నేర్పరి. ఎగురవలెనను కోరిక ఆయనకు చిన్ననాటినుండియు ఉండెను. అయితే సాధారణ విమానములను నడుపుట తనకు పట్టుబడలేదని ఆయనయే ఒప్పుకొనెను. చేతికర్రతో రెక్కలను, కాళ్లతో చుక్కానిని ఏకకాలమున నడుపుట ఆయనకు కష్టమనిపించినది. అందుచే కాళ్ల పని లేని విమానమును కల్పించెను. అది 1933 సెప్టెంబరులో ఎగిరినది. మరుసటి సంవత్సరము ఆయన ‘ల స్పోర్ డ లేర్’ అను పుస్తకమును ప్రకటించి, అందు ఆ విమానమును చేయు విధమంతయు వివరించెను. చెక్కపెట్టెకు మేకులు కొట్టగలవాడు విమానమును కూడ కట్టగలడని ఆయన ధైర్యము చెప్పెను.

ఆయన ఆ విమానమునకు పెట్టిన ముద్దుపేరునకు ‘ఆకాశపు పేను’ అని అర్థము. ఇంగ్లీషువారు దానిని ‘ఫ్లయింగ్ ఫ్లీ’ అనిరి. కుక్కల మేన గెంతు పురుగు పేరది. ఆ పేరు దానికి తగినదే. రెక్కల వెడల్పు ఇంచుమించు 6 మీటర్లు. ఒక్కడు మాత్రమే కూర్చుండుటకు చోటు. మోటారుసైకిలు ఇంజను వంటి చిన్న ఇంజను. దాని రూపము వింతైనది. ముందొక రెక్క, దాని వెనుక కొంచెము క్రిందుగా మరియొక రెక్క. తోక రెక్క లేదు. ముందు రెక్క కీలుపై తిరుగును. చేతికర్రను వెనుకకు లాగినచో ముందు రెక్క వెనుకటి అంచు క్రిందికి దిగి, విమానపు ముక్కు పైకి లేచును. కర్రను ప్రక్కకు వంచినచో చుక్కాని తిరుగును. ఇంతకంటె సులభమైన ఏర్పాటు మరియొకటి లేదని జనులు సంతోషించిరి.

1935 ఆగస్టులో మిన్యే తన పేనునెక్కి ఇంగ్లీషు కాలువను దాటి ఇంగ్లండులో దిగెను. ఆయన పుస్తకము ఇంగ్లీషులోనికి మారినది. ఇక ఆ దేశమున అనేకుల ఇండ్లలో రంపముల చప్పుడే. అంతకుముందు విమానము ధనవంతుల విలాసముగా నుండెను. ఇప్పుడు గుమాస్తా, దుకాణదారు, మోటారు మెకానిక్కు సైతము రెక్కలు తగిలించుకొనవచ్చునను ఆశ పుట్టినది. ఆ ఆశ నీచమైనది కాదు. మిన్యే ఎవరిని మోసగించినవాడును కాడు. తాను నమ్మినదానినే వ్రాసెను. తాను వ్రాసినదానినే ఎక్కి ఎగిరెను. అయినను 1936 నాటికి దుర్వార్తలు ఒకదాని వెనుక ఒకటి రాసాగినవి. ఫ్రాన్సులోను ఇంగ్లండులోను పేనులు ఆకసమునుండి ముక్కు క్రిందుగా దిగి, ఎంత ప్రయత్నించినను లేవక, నేలకు కూలుచుండెను. నడుపువారు మరణించిరి.

నడుపువారికి అనుభవము లేదని కొందరనిరి. పనితనము చెడ్డదని కొందరనిరి. నిజము తెలియుటకు ఒక్కటే ఉపాయము. ఫ్రాన్సులో షాలే మ్యూదోఁ నందును, ఇంగ్లండులో ఫార్న్‌బరో నందును గొప్ప వాయు సొరంగములు ఉండెను. సొరంగములో విమానమును కదలకుండ నిలిపి, దానిపై గాలిని వేగముగా వీచునట్లు చేసి, ఏ భాగముపై ఎంత బలము పడుచున్నదో కొలుతురు. పేనును బొమ్మగా గాక నిండు కొలతలతోనే అందు నిలిపి పరీక్షించిరి. అప్పుడు రహస్యము బయటపడినది.

ఆ రహస్యమిది. పేను ముక్కు ఒక మేరకు మించి క్రిందికి వాలినప్పుడు నడుపువాడు సహజముగా కర్రను వెనుకకు లాగును. లాగగానే ముందు రెక్క వెనుకటి అంచు దిగి, వెనుక రెక్కకు మిక్కిలి చేరువగును. రెండు రెక్కల నడుమ సందు ఇరుకగును. కాలువ ఇరుకైనచోట నీరు వడిగా పారునట్లే, ఆ ఇరుకు సందులో గాలి వడిగా పోవును. ఆ వడిచే వెనుక రెక్కకు ఎత్తుబలము హెచ్చును. వెనుక భాగము పైకి లేచినచో ముక్కు మరింత క్రిందికే పోవును గదా! అనగా తన్ను రక్షించునని అతడు ఎంత బలముగా కర్రను లాగినను, ఆ లాగుటయే అతనిని క్రిందికి నెట్టుచుండెను. పుస్తకములో చెప్పినట్లు తు.చ. తప్పక చేసినవానికిని ఈ ఆపద తప్పదు. దోషము చేతిలో లేదు, కాగితములో ఉన్నది.

ఇంగ్లండు ప్రభుత్వము ఆ నమూనా ఎగురుటను ఆపివేసినది. మిన్యే తన నమూనాను దిద్దుకొనెను. దిద్దిన నమూనాలనుండి పుట్టిన పేనులు నేటికిని ఎగురుచున్నవి. ఆయన 1965లో మరణించువరకు ఈ పనిని విడువలేదు. కాని 1936లో పోయిన ప్రాణములు తిరిగిరాలేదు. ఆ ప్రాణములకు మూల్యముగా లోకమునకు దక్కిన పాఠమొక్కటి కలదు. కల్పించినవాడు ఎగిరి చూపుట మాత్రమే చాలదు. ఆ యంత్రము ఎగురరాని స్థితులలో సైతము ఎట్లు ప్రవర్తించునో తెలిసిన పిదపనే పటమును ఇతరుల చేతికి ఈయవలెను.

ఇట్టి విషాదము తరువాత ఇంటి విమానములను పూర్తిగా నిషేధించుట సులభమైన మార్గము. ఆ మార్గమును ఈ దేశములు త్రొక్కలేదు. నిషేధమునకు బదులు కట్టుబాటును ఎంచుకొనిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప 1946లో ఇంగ్లండున చిన్న విమానముల సంఘమొకటి ఏర్పడినది. అదియే పేరులు మారి నేడు ‘లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ అయినది. ఆ సంఘపు పరీక్షకులు పని జరుగుచుండగానే ఇంటికి వచ్చి చూచి, బాగున్నదన్న పిదపనే తరువాతి పనికి సమ్మతింతురు. రెక్కకు గుడ్డ కప్పిన పిమ్మట లోపలి అతుకును చూచుట ఎవరి తరము? కావున కప్పకముందే చూడవలెను. గోడకు సున్నము పూయకముందే ఇటుకల వరుసను చూచు మేస్త్రీ పద్ధతియే ఇది.

అమెరికాలో పాల్ పోబరెజ్నీ అను విమానచోదకుడు 1953 జనవరిలో తన వంటి అభిరుచి గలవారిని కూడగట్టి ‘ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ను స్థాపించెను. 1970 నుండి ఆ సంఘపు వార్షికోత్సవము విస్కాన్సిన్ రాష్ట్రమున ఆష్‌కాష్ పట్టణమున జరుగుచున్నది. ఆ దేశపు చట్టము ప్రకారము విమానపు పనిలో సగమునకు మించిన భాగమును ఔత్సాహికులు తమ విద్యకొరకో వినోదముకొరకో చేసియుండవలెను. అధికారి వచ్చి పరీక్షించి అనుమతిపత్రమునీయవలెను. ఆపై ‘ప్రయోగాత్మకము’ అను మాటను ద్వారముకడ స్పష్టముగా వ్రాయవలెను. ఇది ఔత్సాహికులు కట్టినదనియు, కర్మాగార విమానముల నిబంధనలకు లోబడినది కాదనియు లోపల కూర్చుండువానికి తెలియునట్లు పలక తగిలింపవలెను. కిరాయికి మనుష్యులను ఎక్కించుకొనరాదు. ఈ చట్టములోని వివేకమును గమనింపుడు. అది అపాయము లేదని చెప్పదు. అపాయమును దాచవద్దని చెప్పుచున్నది.

విమానము పూర్తియైన దినముననే మిత్రులను ఎక్కించుకొని ఎగురుటకును వీలులేదు. మొదట దానిని తూచి, బరువు ఏ బిందువున కేంద్రీకరించినదో లెక్కకట్టుదురు. పిదప నేలపై నడిపి చక్రములను, బ్రేకులను చూచుకొందురు. ఆ తరువాత నిర్ణీతమైన ప్రదేశములో, జనసమ్మర్దమునకు దూరముగా, సాధారణముగా 25 గాని 40 గాని గంటలు పరీక్షగా ఎగురవలెను. ఏండ్ల తరబడి శ్రమించినవానికి ఈ చివరి వారములే మిక్కిలి దీర్ఘముగా తోచును. నిదానమే ప్రధానమని మన పెద్దలన్న మాట ఇచ్చట ప్రాణప్రదమైనది.

ఇక నమూనాల విషయము. 1975లో కాలిఫోర్నియాలో బర్ట్ రూటాన్ అను ఇంజనీరు ‘వేరీ ఈజీ’ అను విమానమును కల్పించెను. కలపకు, లోహమునకు బదులు తేలికైన నురుగు దిమ్మెలను కాలిన తీగతో రెక్క ఆకారమున కోసి, వానిపై గాజునార గుడ్డను ఎపాక్సీ జిగురుతో అతికించు పద్ధతిని ఇంటి పనివారికి ఆయన నేర్పెను. ఖరీదైన అచ్చుల పని లేదు. ఈ విమానమునకు చిన్న రెక్క ముందుండును. పెద్ద రెక్క వెనుకనుండును. వేగము మరీ తగ్గినప్పుడు రెక్క ఎత్తుబలమును కోల్పోవుట విమానములకు గొప్ప ఆపద. ఇందు చిన్న రెక్కయే మొదట బలము కోల్పోవునట్లు ఏర్పాటు చేయుటచే ముక్కు తనంతటతానే కొంచెము వాలి, వేగము తిరిగి వచ్చును. మిన్యే విమానమునందు రెండు రెక్కల బంధుత్వము ప్రాణము తీయగా, రూటాన్ విమానమునందు అట్టి బంధుత్వమే ప్రాణరక్షకమైనది. ఆయన కల్పించిన ‘వాయేజర్’ 1986 డిసెంబరులో నడుమ ఎక్కడను దిగక, ఇంధనము నింపుకొనక, తొమ్మిది దినములలో భూమిని చుట్టివచ్చినది.

పటము ఇంత నిర్దుష్టమైనప్పుడు ఇక భయమేమి? ఈ ప్రశ్నకు 1997 అక్టోబరు 12వ తేదీ సమాధానము చెప్పినది. ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వరు ఆ దినమున కాలిఫోర్నియా తీరమున ‘లాంగ్ ఈజీ’ అను రూటాన్ నమూనా విమానమున ఎగురుచు సముద్రమున కూలి మరణించెను. దానిని కట్టినవాడు ఆయన కాడు. ఆయన ఆ విమానమును కొన్నవాడు. రెండు ఇంధనపు తొట్లలో దేనినుండి ఇంధనము రావలెనో నిర్ణయించు పిడి రూటాన్ పటము ప్రకారము నడుపువాని చేతికి సులభముగా అందుచోట ఉండవలెను. కట్టినవాడు దానిని మార్చి, నడుపువాని ఎడమ భుజము వెనుక బిగించెను. దానిని త్రిప్పుటకు వెనుకకు తిరుగవలసి వచ్చును. అట్లు తిరిగినప్పుడు తెలియకయే కుడికాలు చుక్కాని పలకను నొక్కగా విమానము అదుపు తప్పినదని విచారణ సంఘము నిర్ణయించెను. ఆ పిడికి గుర్తులు లేకపోవుట, ఇంధనపు మట్టమును చూపు సాధనములపై కొలతలు లేకపోవుట, ఆయనకు ఆ విమానమున తగిన శిక్షణ లేకపోవుట కూడ కారణములుగా పేర్కొనెను. పేను విషయమున కాగితము తప్పినది. ఇచ్చట కాగితము తప్పలేదు, చేయి తప్పినది.

ఈ రెండవ తప్పును తగ్గించుటకే సామగ్రిపెట్టెల పద్ధతి వృద్ధియైనది. ఆరిగాన్ రాష్ట్రమునకు చెందిన రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1971లో ‘ఆర్. వి. 3’ అను అల్యూమినియపు విమానమును ఎగురవేసెను. పిదప ఆయన సంస్థ పటములతోపాటు కత్తిరించి వంచిన రేకులను, పట్టీలను, రివెట్లను పెట్టెలలో పంపనారంభించినది. నేటి పెట్టెలలో రేకులకు రంధ్రములు యంత్రముతో ముందే వేసియుండును. రంధ్రమునకు రంధ్రము కలిసినచో రేకు సరియైన చోట నున్నట్లే. వంకర పోవుటకు అవకాశము తక్కువ. ఆ వంశపు విమానములు 11,000 పైగా ఆకసమున కెగిరినవి. పెట్టెలో వచ్చినంతమాత్రమున పని స్వల్పమని తలంపరాదు. వేల రివెట్లు కొట్టవలెను. వేయి గంటలకు మించిన శ్రమ అది.

అచ్చట గృహజీవనమునకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పవలెను. రివెట్టును ఒంటరిగా కొట్టుట పలుచోట్ల సాధ్యము కాదు. ఒకరు బయటినుండి సుత్తియంత్రము పట్టవలెను. మరియొకరు లోపలినుండి ఇనుప దిమ్మెను ఆనించి పట్టుకొనవలెను. ఆ రెండవ చేయి అనేక గృహములలో భార్యదో బిడ్డలదో అయియుండును. చిన్న చేతులు ఇరుకు చోటులలోనికి పోగలవు గదా! కావున ఒక్కని పేరుతో ఎగురు విమానమునందు పెక్కుసారులు ఇంటిల్లిపాది శ్రమయు నుండును. పని సగములో నిలిచి, దుమ్ముపట్టి, ఇతరులకు అమ్ముడుపోవు విమానములును లేకపోలేదు. కుటుంబపు సమ్మతి లేక మొదలుపెట్టిన పని సాధారణముగా ఆ దారినే పట్టును.

మన దేశమునను ఈ కోరిక లేకపోలేదు. విమానచోదకుడైన అమోల్ యాదవ్ ముంబయిలో తమ కుటుంబము నివసించు భవనపు డాబాపై ఆరుగురు కూర్చుండదగిన విమానమును నిర్మించి, 2016 ఫిబ్రవరిలో ఆ నగరమున జరిగిన ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనమున ఉంచెను. 2017లో దానికి రిజిస్ట్రేషను లభించినది. డాబాపై విమానము కట్టుటకు కావలసిన ఓర్పు ఒకటి. అనుమతి పొందుటకు కావలసిన ఓర్పు మరియొకటి. నైపుణ్యము వ్యక్తులలో నున్నను, దానిని పరీక్షించి ప్రోత్సహించు సంఘములు, పరీక్షకులు, అనుభవజ్ఞులైన పెద్దలు చుట్టును ఉన్నప్పుడే ఆ నైపుణ్యము క్షేమముగా రెక్కలు తొడుగుకొనును.

ఇదియే మేము ఈ ప్రసంగమున ముఖ్యముగా చెప్పదలచినది. ఇంటి విమానమును ఒంటరివాని సాహసముగా చెప్పుకొనుట వాడుక. చరిత్ర అట్లు చెప్పుటలేదు. ఒంటరిగా గీచిన పటము మిన్యే వంటి నిష్కపటుని చేతనే అపాయము తెచ్చినది. పటమును విడిచి చేసిన మార్పు ఒక చిన్న పిడినే మృత్యువుగా చేసినది. పటము గీచినవాడు తాను చూడని మనుష్యుని ప్రాణమునకు బాధ్యుడు. పని చేయువాడు తన తరువాత దానినెక్కబోవు మనుష్యుని ప్రాణమునకు బాధ్యుడు. ఆ ఇద్దరి పనిని నిర్దాక్షిణ్యముగా పరీక్షించు మూడవవాడు వారికి శత్రువు కాడు, మిత్రుడు. ఎక్కడనో ఒక కొట్టములో దీపము వెలుగుచుండగా, పనిచేయువాడు రెక్కను కప్పక ముందు ప్రక్క ఇంటి మిత్రుని పిలిచి “ఒకసారి ఈ అతుకును చూచి చెప్పు” అని అడుగుచున్నచో, ఆ విమానము క్షేమముగా దిగివచ్చునని మనము ధైర్యముగా ఆశింపవచ్చును.